జత కోల

మా కోలాటం గురువు సింహాద్రమ్మ గారిని ఏమడిగినా మాటతో జవాబు రాదు. కోలలు తియ్యమంటారు.

అనకాపల్లిలో కరోనా అని మా వీధికి రెండు చివర్లా కర్రలు కట్టేసిన రోజులవి. మా అత్తగారు ఆసుపత్రిలో పోయారు. ఆ జబ్బు ఇంటికి తెచ్చింది తానేనని మా అమ్మాయి ప్రవల్లిక మనసులో పెట్టుకుంది. తనకూ సోకింది, మేడ మీద గదిలో విడిగా ఉంచాం. జ్వరం తగ్గినా పలకడం మానేసింది. ఫోను ఎత్తదు. గుమ్మంలో పెట్టిన కంచం, చెంచా పెట్టినట్టే ఉండేవి. నేను తలుపు బయట నిలబడి తిన్నావా అనేదాన్ని. తినలేదు కదూ అని నేనే అనేదాన్ని. తినకపోతే ఎలాగని మళ్ళీ నేనే.

ఒక సాయంత్రం ఎదురింటి డాబా మీద గురువుగారు కనిపించారు. పిల్లను పలికించడం ఎలాగని ఇటునుంచే అడిగాను.

"కోలలు తియ్యవే రత్నం," అన్నారు.

ఇంట్లో పెద్దావిడ పోయి నెలైనా కాలేదని నసిగాను. ఆవిడ వినలేదు. నూకాలమ్మ జాతరలో నేనూ ప్రవల్లికా జతగా ఆడే దెబ్బల వరస, ఆ కోపే వెయ్యమన్నారు. అందులో మొదటి దెబ్బ ఎవరి కోలల మీద వాళ్ళే వేసుకోవాలి. రెండోది జత కోల మీద పడాలి. గురువుగారు తాళాలు అందుకున్నారు. మా డాబా మీదే, ప్రవల్లిక గది కిటికీకి ఎడంగా నిలబడి మొదలెట్టాను. ఎదురుగా కోల లేదు. చెయ్యి గాలిలో ఆగిపోవడం భరించలేక, రెండో దెబ్బ కూడా నా కోలల మీదే కొట్టేశాను.

తాళాలు ఆగాయి.

"మూతికి గుడ్డ కట్టినా నీ వాగుడు ఆగలేదే. దాని దెబ్బ కూడా నువ్వే కొట్టేస్తే అదేం కొడుతుంది?"

మళ్ళీ మొదలెట్టాం. నా దెబ్బ కొట్టి, చెయ్యి చాచి ఆగాను. ఏమీ లేదు. మళ్ళీ కొట్టి ఆగాను. ఏమీ లేదు. వీధిలో వాళ్ళు డాబాల మీదికొచ్చి చూస్తున్నారు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. చెయ్యి మాత్రం దింపలేదు.

చాలాసేపటికి, ఆ ఖాళీలో, కిటికీ ఊచ మీద టంగుమంది. చెంచా చప్పుడు. తాళానికి కాస్త వెనకబడింది. తరవాతది సరిగ్గా పడింది.

కోలలు పడేసి కిటికీ దగ్గరికి పరుగెత్తబోయాను. గురువుగారు నన్ను వారించలేదు, తాళాలూ ఆపలేదు. తాళం నడుస్తుండగా జతను వదిలి కదలకూడదన్నది మాకు ఆవిడ నేర్పిన మొదటి పాఠం. నా కాళ్ళు అక్కడే ఆగాయి.

మర్నాడు పొద్దున చూస్తే గుమ్మంలో కంచం సగం ఖాళీ అయి ఉంది. చెంచా మాత్రం బయటికి రాలేదు.

ఆ మాట గురువుగారికి చెప్పి, సాయంత్రం మళ్ళీ పలుకుతుందంటారా అని అడిగాను.

ఆవిడ తాళాలు కొంగుతో తుడుచుకుంటున్నారు.

"నీ వంతు కొట్టు. చెయ్యి చాపే ఉంచు," అన్నారు.