ముగ్గురూ కలిసి చెరిపిన నాన్న నవ్వు

కవ్వూరు లాకుల దగ్గర ‘నూకరాజు అండ్ సన్స్, షామియానా సప్లయర్స్’ అని ఒక బోర్డుంది. దాని కింద ఎర్ర రంగుతో ‘మా వద్ద కుర్చీలు, టేబుళ్ళు, వంటసామాన్లు, తెలివి అద్దెకు ఇవ్వబడును’ అని రాసి ఉంటుంది. ఆ చివరిది నూకరాజు పోయాక కొడుకులు రాయించారు. ఈ చుట్టుపక్కల టెంటు సామాన్లవాళ్ళు ఎంతమంది ఉన్నా తెలివి ఉన్నది మన దగ్గరేనని వాళ్ళ ధీమా. “ఇంతవరకూ ఎవరూ అద్దెకి తీసుకెళ్ళలేదండి, అందుకే అరగలేదు. కొత్తదిలాగే ఉంది” అని పెద్దాడు గవర్రాజు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు.

అతని తరవాత తాతబ్బాయి, ఆ తరవాత అబ్బులు. మొత్తం ముగ్గురు. నూకరాజు పోయేముందు ముగ్గుర్నీ మంచం దగ్గరికి పిలిచి, “ఏ పని చేసినా ముగ్గురూ కలిసే చెయ్యండ్రా” అన్నాడు. పోట్లాడుకోకుండా ఉండండ్రా అని పాపం ఆయన ఉద్దేశం. కానీ వీళ్ళకి మాటంటే మాటే. అంతే, ఆ రోజు నుంచీ ఒకడికి తుమ్మొస్తే మిగతా ఇద్దరూ వచ్చేదాకా ముక్కు పట్టుకుని కూర్చుంటాడు. క్షవరానికి వెళ్తే ముగ్గురూ ఒకే కుర్చీలో ఇరుక్కుంటారు. పెద్దాడికి తండ్రి ఉండగానే పెళ్ళయింది కాబట్టి బతికిపోయాడు. మిగతా ఇద్దరికీ సంబంధాలు చూద్దామంటే ఆడపిల్లలవాళ్ళు హడలిపోతున్నారు.

ఫోన్లు కొన్నప్పుడూ ఇదే వరస. సెంటర్లో సెల్ ఫోన్ల కొట్టు సుభానీ, “ఒక్కొక్కరికీ ఒక్కో మెయిల్ ఖాతా పెడతానన్నా” అంటే, “వేరు కాపురాలు పెట్టిస్తావా?” అని గవర్రాజు అతని మీద లేచాడు. సరే మీ ఖర్మ అనుకుని సుభానీ మూడు ఫోన్లకీ కలిపి ఒకే ఖాతా పెట్టి, ఇంట్లో ఉన్న పాత ఫోన్లోని ఫొటోలన్నీ దాన్లోకే ఎక్కించి, ఆ పాతది మార్పిడి కింద తీసుకున్నాడు. ఒకరి ఫోన్లో ఉన్న ఫొటో మూడు ఫోన్లలోనూ కనపడేది. చూశావా మన ఐకమత్యం అని మురిసిపోయారు.

ఇలా ఉండగా నూకరాజు సంవత్సరీకం దగ్గరపడింది. గోడకి పెట్టడానికి ఒక పటం కావాలి కదా. తల్లి మంగాయమ్మ కొడుకుల్ని పిలిచి, “ఒరే, మీ నాన్న నవ్వుతున్న ఫొటో ఉంది చూడండి, అదే పెద్దది చేయించి పటం కట్టించండి. ఇంకోటి తెచ్చారంటే ఊరుకోను” అంది.

ఆవిడ అలా అనడానికి కారణం ఉంది. నూకరాజు మంచివాడే గానీ మొహం ఎప్పుడూ ముటముటలాడుతూ ఉండేది. పెళ్ళి ఫొటోలో కూడా ఎవరో కాలు తొక్కినట్టు చూస్తుంటాడు. ఆయన నవ్వుతూ ఫొటోలో దొరికింది ఒక్కసారే. ఆ కథ కూడా చెప్పాలి. కాలవగట్టు మీద ఎవరిదో ఓణీల ఫంక్షనుకి టెంటు వేస్తుంటే గాలొచ్చింది. నూకరాజు “తాళ్ళు వదలకండ్రా!” అని కేకేశాడు. వీళ్ళు వదల్లేదు. గాలి టెంటుని లేపింది, టెంటు వీళ్ళని లేపింది, ముగ్గురూ తాళ్ళు పట్టుకునే వెళ్ళి కాలవలో పడ్డారు. పడ్డాక నీళ్ళలోంచి తలలు పైకెత్తి, “వదల్లేదు నాన్నా!” అని అరిచారు. ఇంకేముంది, నూకరాజు జీవితంలో మొదటిసారి పొట్ట పట్టుకుని నవ్వాడు. పెద్ద కోడలు బేబీ అప్పుడు టక్కున ఆ పాత ఫోనుతో ఫొటో తీసింది.

“ఆ ముటముట మొహాన్ని బతికున్నన్నాళ్ళూ చూశాను. ఇప్పుడు దీపం కూడా దానికే పెట్టాలంటే నా వల్ల కాదు. నాకు ఆ నవ్వే కావాలి” అని మంగాయమ్మ కళ్ళొత్తుకుంది.

అమ్మ కళ్ళొత్తుకుంటే కొడుకులు తట్టుకోలేరు. వెంటనే ఫోను తీశారు. తీస్తే తెర మీద, ‘జాగా నిండిపోయింది. అక్కర్లేనివి తీసెయ్యండి’ అని కనపడింది.

“అన్నియ్యా, కదపకు! నిండిపోయిందంట, ఒలికిపోద్ది!” అన్నాడు అబ్బులు.

గవర్రాజు ఫోన్ని పాలగిన్నెలాగా రెండు చేతులా పట్టుకుని మెల్లగా నడిచి టేబులు మీద పెట్టాడు. తాతబ్బాయి కందిపప్పు తూచే కాటా తెచ్చి మూడు ఫోన్లూ తూచాడు. మూడూ ఒకే బరువున్నాయి. అంటే మూడూ సమానంగా నిండాయన్నమాట, ఎవరికీ అన్యాయం జరగలేదు అని తేల్చి తృప్తిపడ్డారు. సరే, అక్కర్లేనివి ఏవో చూద్దామని మూడు ఫోన్లూ పక్కపక్కన పెట్టి ఫొటోలు తెరిచారు.

చూస్తే మొదటి ఫోన్లో నాన్న నవ్వుతున్నాడు. రెండో ఫోన్లో నాన్న నవ్వుతున్నాడు. మూడో దాన్లోనూ నాన్నే.

తాతబ్బాయి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “అన్నియ్యా, మనకి ముగ్గురు నాన్నలా?”

“ష్! అమ్మ వింటే ఏమైనా ఉందా? ఇంటి పరువేం కాను!” అన్నాడు గవర్రాజు. కాసేపు బుర్ర గోక్కున్నాడు. ముగ్గురూ కలిసే గోక్కున్నారు. “నాన్న ఒక్కడే ఉండాలి. పెద్దాణ్ణి కాబట్టి నా దగ్గర ఉంటాడు. మీ ఇద్దరూ డిలీట్ కొట్టెయ్యండి. ఈలోగా నాది పారిపోకుండా నేను పట్టుకుంటాను.”

గవర్రాజు తన ఫోన్ని గుండెలకి అదిమి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తమ్ముళ్ళిద్దరూ టక్కుమని డిలీట్ కొట్టారు. అంతే. గవర్రాజు కళ్ళు తెరిచి చూసుకునేసరికి నాన్న లేడు.

“నా గుండెల మీంచి నాన్నని ఎవడ్రా ఎత్తుకుపోయింది?” అని లబోదిబోమన్నాడు. ఫోను దులిపారు. దాని తొడుగు విప్పి చూశారు. చొక్కాలో జారాడేమోనని గవర్రాజు బనీను కూడా విప్పేశాడు. ఎక్కడా లేడు. మిగతా ఫొటోలు కూడా పారిపోతాయని మూడు ఫోన్లూ బీరువాలో పెట్టి తాళం వేసి, సుభానీ దగ్గరికి పరిగెత్తారు.

సుభానీ అంతా విని నెత్తి కొట్టుకున్నాడు. “అన్నా, మీవి మూడు ఫొటోలు కాదు, ఉన్నది ఒకటే. అది కంపెనీవాళ్ళ కంప్యూటర్లలో ఉంటది. క్లౌడంటారు. మీ మూడు ఫోన్లూ దానికి కిటికీలు. ఏ కిటికీలోంచి తీసేసినా లోపలిది పోద్ది.”

“క్లౌడంటే మబ్బు. మబ్బులో ఫొటోలుంటాయంటే నమ్మడానికి మేమేమన్నా తెలివితక్కువోళ్ళమా?” అని తాతబ్బాయి నవ్వాడు. మిగతా ఇద్దరూ కూడా నవ్వారు.

“నమ్మకపోతే మానెయ్యండి. ఫోన్లు తెచ్చి ఉంటే నేనే తీసిచ్చేవాణ్ణి. డిలీట్ చేసినవి కొన్నాళ్ళు ఫోన్లోనే చెత్తబుట్టలో ఉంటాయి. అది తెరిచి, ఆ ఫొటో మీద నొక్కి, వెనక్కి తెమ్మనండి. ఇంకేం చెయ్యొద్దు. వింటున్నారా? ఇంకేం చెయ్యొద్దు!”

ఇంటికొచ్చి చెత్తబుట్ట తెరిచారు. ఉన్నాడు! అదే నవ్వు, అదే పొట్ట. ఇంట్లోవాళ్ళంతా గంతులేశారు. మంగాయమ్మ ఫోన్ని కళ్ళకద్దుకుంది. అంతలో బేబీ వంగి చూసి ముక్కున వేలేసుకుంది. నాన్న చుట్టూ విరిగిన కుర్చీలు, మసి పట్టిన సాంబారు గంగాళాలు, ఎవరిదో బొటనవేలు, అన్నీ ఎప్పుడో డిలీట్ చేసిన ఫొటోలున్నాయి.

“అయ్యో, మావయ్యగారిని ఈ చెత్తలో పడుకోబెట్టారా! మీకు చేతులెలా వచ్చాయండీ?” అంది. బేబీకి శుభ్రం ఎక్కువ. వీధి గుమ్మంలో ఆకు రాలితే చీపురు పట్టుకుని పరిగెడుతుంది. “ముందా చెత్తంతా ఎత్తిపోయండి. అప్పుడు శుభ్రంగా ఆయన్ని బయటికి తీసుకొద్దాం.”

ఆ మాట ముగ్గురికీ నచ్చింది. ‘ఖాళీ చెయ్యి’ అన్నచోట నొక్కారు. ఫోను అడిగింది: ‘ఇందులో ఉన్నవన్నీ శాశ్వతంగా పోతాయి. సరేనా?’

“చెత్త శాశ్వతంగా పోతే అంతకన్నా ఏం కావాలి?” అన్నాడు గవర్రాజు. “ఇది పుణ్యకార్యం. ముగ్గురం కలిసే నొక్కుదాం.”

మూడు వేళ్ళు కలిపి నొక్కారు. ఇంకేముంది, బుట్ట అద్దంలా తయారైంది. చెత్తా లేదు, నాన్నా లేడు.

ఈసారి సుభానీ కూడా చేతులెత్తేశాడు. మంగాయమ్మ తిడితే బాగుండును, తిట్టలేదు. ఓ మూల కూర్చుని, “పోయినప్పుడు కూడా ఇంత దిగులు పడలేదురా. ఆ నవ్వు ఎలా ఉండేదో అప్పుడే మర్చిపోతున్నాను” అంది. ముగ్గురికీ ఏడుపొచ్చింది. ఆ రోజు అన్నం కూడా తినలేదు, ముగ్గురూ కలిసే మానేశారు.

ఆకలికి అబ్బులు బుర్ర పనిచేసింది. “అన్నియ్యా, నాన్న అసలెందుకు నవ్వాడు? మనం కాలవలో పడ్డామనేగా? మళ్ళీ పడదాం. మళ్ళీ నవ్వుతాడు. వదిన ఫొటో తీస్తది.”

“నాన్న లేడుగా?” అన్నాడు తాతబ్బాయి.

“లేడు కాబట్టే ఫొటో కావాలి. ఉంటే ఫొటో ఎందుకురా?” అన్నాడు గవర్రాజు. ముగ్గురూ కలిసే తలూపారు.

తెల్లారి ఆ టెంటే మోసుకుని, ఆ కాలవగట్టుకే పోయారు. అప్పుడు నాన్న నిలబడ్డ చోట మట్టి మీద గీత గీసి, బేబీని ఫోనుతో దాని ఎదురుగా నిలబెట్టారు. తీరా చూస్తే గాలి లేదు. చాలాసేపు తాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. చివరికి గాలి బాకీ మనమే తీరుద్దామని, టెంటు నెత్తిన వేసుకుని, “వదలకండ్రా!” అని వాళ్ళకి వాళ్ళే కేకేసుకుని కాలవలోకి పరిగెత్తారు.

ఎవరో చెబితే మంగాయమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. వచ్చి సరిగ్గా ఆ గీత మీదే నిలబడింది. తిట్టడానికి నోరు తెరిచింది. అంతలో నీళ్ళలోంచి మూడు తలలు లేచి, “వదల్లేదమ్మా!” అన్నాయి. ఒకడి నెత్తి మీద కాలవలోని గుర్రపుడెక్క మొక్క వేలాడుతోంది. అంతే. ఆవిడ కర్ర జారిపోయింది, పొట్ట పట్టుకుని కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. మొగుడు పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. బేబీ టక్కున నొక్కింది.

“నవ్వాడా?” అని అరిచాడు గవర్రాజు నీళ్ళలోంచి.

“ఫొటోలో పడిందండీ! అదే చోటు, అదే నవ్వు!” అంది బేబీ.

సంవత్సరీకం నాడు నూకరాజు చెల్లెలు సూరమ్మ పక్కూరి నుంచి వచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టి గోడకేసి చూసి కొయ్యబారిపోయింది. గోడ మీద నిలువెత్తు పటం. పటానికి చేమంతి దండ. ముందు దీపం. పటంలో పొట్ట పట్టుకుని నవ్వుతూ మంగాయమ్మ!

“ఓ వదినా! నువ్వెప్పుడు పోయావే! నాకు కబురైనా పెట్టలేదే!” అని గుండెలు బాదుకుంది.

వంటింట్లోంచి మంగాయమ్మ బూరెల పళ్ళెంతో వచ్చింది. పటం చూసింది, దండ చూసింది, ఏడుస్తున్న ఆడపడుచుని చూసింది. “చెబుదామనే అనుకున్నాను సూరమ్మా. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే సరిపోయింది” అంది.

గవర్రాజు గబగబా తల్లి దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు. “అమ్మా, అత్తయ్య అంతలా ఏడుస్తుంటే నువ్విలా బూరెలు వడ్డిస్తూ తిరిగితే ఏం బాగుంటది? అందరూ తినేదాకా కాస్త లోపల ఉండు.”

మంగాయమ్మ కొడుకుని ఎగాదిగా చూసింది. పళ్ళెం అతని చేతిలో పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. ఇంక ఆపుకోలేకపోయింది. తలుపు వెనకనుంచి నవ్వు, ఆగి మళ్ళీ నవ్వు, ఇల్లంతా వినపడింది.

ముగ్గురూ కలిసే పటానికి దణ్ణం పెట్టారు. “విన్నావా అత్తయ్యా?” అన్నాడు గవర్రాజు కళ్ళు తుడుచుకుంటూ. “నాన్న నవ్వుతున్నాడు.”