ఆగుదామని ముందు ఎవరన్నారు?

కనుమల కింద, ఏరు సముద్రం వైపు మలుపు తిరిగే చోట, అనగనగా ఒక చిక్కటి అడవి. అందులో నలుగురు నేస్తాలు ఉండేవారు. నలుగురికీ వయసు మళ్ళింది.

నేరేడమ్మ కణితి. జింకల్లో పెద్ద జాతి. పొడుగు కాళ్ళు, పెద్ద చెవులు. ఎక్కడికి వెళ్ళినా ముందు నడిచేది ఆమే. బొంతయ్య ఎలుగుబంటి. చలికాలంలో అతని పక్కన కూర్చుంటే వేరే దుప్పటి అక్కర్లేదని అందరూ అనేవారు. సూదమ్మ ముళ్ళపంది. ఒంటి మీదివి చాలవన్నట్టు మాటల్లోనూ నాలుగు ముళ్ళు ఉండేవి. బూడిదయ్య కొండముచ్చు. ఒకప్పుడు కొమ్మ మీంచి కొమ్మకి దూకేవాడు. ఇప్పుడు నేల మీదే తిరుగుతున్నాడు. నడక ఒంటికి మంచిదని చెబుతాడు. ఎవరూ ఎదురు అడగరు.

మొన్నటి వానాకాలం దాకా వాళ్ళు ఐదుగురు. ఐదోవాడు అడవిదున్న కొమ్మన్న. వానలు వెనకబట్టగానే ఏటా ఒకటే మాట అనేవాడు. "వచ్చే ఏడు అందరం కలిసి సముద్రం చూసొద్దాం." వచ్చే ఏడు వచ్చేది. మళ్ళీ అదే మాట అనేవాడు. మొన్నటి వానల్లో ఒకనాడు ఏటి ఒడ్డున పడుకున్నాడు. మరి లేవలేదు.

ఆఖరిదాకా అతని పక్కన నిలబడింది నేరేడమ్మే. ఆ తరవాత ఆమె మాట తగ్గింది. వానలు పోయి, ఏరు తేటపడగానే మిగతా ముగ్గురినీ పిలిచింది. ఈ నెలలోనే సముద్రానికి వెళ్తున్నాం అని చెప్పింది. వెళ్దామా అని అడగలేదు.

ముగ్గురూ సంబరపడ్డారు. అక్కడ ఎవరికి ఏం కావాలో చెప్పమంది నేరేడమ్మ.

బూడిదయ్యకి తాటిచెట్టు నీడ కావాలి, పక్కన తన కబుర్లు వినేవాళ్ళు కావాలి. సూదమ్మకి ఉప్పుగాలి తగలాలి. కీళ్ళకి మంచిదట. ఇసుక మాత్రం ముళ్ళ సందున దూరకూడదు. అలాంటి సముద్రం ఉంటే తనకీ చూపించమన్నాడు బూడిదయ్య. బొంతయ్య చాలాసేపు ఆలోచించాడు.

"నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాను," అన్నాడు.

"ఇంకా?"

"ఇంకేం లేదు. మీరూ కూర్చుంటే బాగుంటుంది."

నేరేడమ్మ అన్నీ విన్నది. విని, తన పద్ధతిలో ఏర్పాటు చేసింది. మొదటి రోజు పొద్దుగూకేలోగా తీరం చేరాలి. మర్నాడు తెల్లవారుతూనే మడ అడవి చూడాలి. అక్కడి నుంచి ఉప్పుమడులు. సాయంత్రం ఏరు సముద్రంలో కలిసే చోటు. ఆ మర్నాడు తాబేళ్ళు గుడ్లు పెట్టే దిబ్బ.

"మరి కూర్చోవడం ఎప్పుడు?" అని అడిగాడు బొంతయ్య.

"తీరిక చిక్కితే," అంది నేరేడమ్మ.

తీరిగ్గా ఉండడానికే కదా వెళ్తున్నది అని సూదమ్మ గొణిగింది. కొమ్మన్న చూడకుండా వెళ్ళిపోయాడు. ఇంకో ఏడు వచ్చేసరికి ఎవరుంటారో, ఎవరుండరో. ఉన్న నలుగురూ ఉండగానే అన్నీ చూసెయ్యాలి. నేరేడమ్మ లోపల ఆ మాటే తిరుగుతోంది. పైకి మాత్రం రాలేదు.

వాళ్ళకో పాత ఆట ఉంది. చిన్నప్పుడు కొండ ఎక్కుతూ ఆడేవారు. దారిలో "ఆగుదాం" అని ఎవరు ముందంటే వాళ్ళే ముసలివాళ్ళు. మళ్ళీ వానలు పడేదాకా వాళ్ళని తాతా అనో అవ్వా అనో పిలవాలి. పాలు మరవని వయసులో బొంతయ్య ఏడాది పొడుగునా తాత అనిపించుకున్నాడు. బయల్దేరే రోజు పొద్దున బూడిదయ్య ఆ ఆట గుర్తుచేశాడు. అందరూ నవ్వారు. సరే, ఇవాళ ఎవరు ముసలివాళ్ళో తేలిపోతుంది అనుకున్నారు.

చిన్నప్పుడు ఆ మాట అబద్ధం. అందుకే ఓడిపోయినా నవ్వొచ్చేది. ఇప్పుడు నిజమైంది. అందుకే ఎవరికీ ఓడిపోవాలని లేదు.

నేరేడమ్మ ముందు నడిచింది. తరవాత బూడిదయ్య, తరవాత సూదమ్మ. చివర బొంతయ్య. ఆ అడవిలో అదే రివాజు. చురుకైనవాళ్ళు ముందు, బరువైనవాళ్ళు వెనక.

పొద్దు కొంచెం ఎక్కేసరికి దారిలో ఉసిరిచెట్టు కనబడింది. బూడిదయ్య దాని మొదట్లో చతికిలబడ్డాడు. ఇలాంటి కాయ లోకంలో ఇంకెక్కడా కాయదని, ఒక్కటైనా రుచి చూసి తీరాలని మొదలుపెట్టాడు. అంటూనే ఉన్నాడు గాని చెట్టెక్కలేదు. కొమ్మల వంక చూస్తూ కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడు తినొచ్చులే అని నేరేడమ్మ కదిలింది. బూడిదయ్య కూడా లేచాడు.

మధ్యాహ్నం సూదమ్మ కాలు పట్టుకుని కూర్చుంది. ముల్లు దిగిందట.

"ముళ్ళపందికి ముల్లు గుచ్చుకుందంటే బయట పరువు దక్కుతుందా," అన్నాడు బూడిదయ్య, తనూ కూర్చోవడానికి నీడ చూసుకుంటూ.

నేరేడమ్మ ఆ కాలు ఎత్తించి చూసింది. ముల్లు లేదు. మళ్ళీ ముందుకు నడిచింది.

మూడోసారి ఆగింది బొంతయ్య. చెదపుట్ట చూస్తే నోరూరుతోందని, కాస్త తవ్వుకుంటానని అన్నాడు. గోళ్ళు పుట్టకి ఆనించి అలాగే నిలబడ్డాడు. తవ్వలేదు. అతని వీపు పైకీ కిందికీ ఎగసిపడుతోంది. నేరేడమ్మ అది చూసింది. తరవాత పొద్దు వంక చూసింది.

"ఇంకెంత, బొంతయ్యా. గాలిలో ఉప్పు తెలుస్తోంది. చీకటి పడేలోగా చేరిపోవాలి."

"సరే, పద," అన్నాడు బొంతయ్య.

ఆమె ముందుకాలు కూడా పొద్దున్నించీ సలుపుతూనే ఉంది. ముందు నడిచేది తానే అలసిపోయానంటే వెనకవాళ్ళు ఏమైపోతారు అనుకుంది. పళ్ళు బిగించి నడిచింది.

అడవి అయిపోయింది. సరుగుడు తోపు మొదలైంది. కాళ్ళ కింద ఇసుక మెత్తగా దిగుతోంది. దూరంగా ఒక హోరు వినబడింది. గాలి చప్పుడు కాదు. అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. నేరేడమ్మ అడుగు పెంచింది. బూడిదయ్య, సూదమ్మ నొప్పులు మరిచి వెంటపడ్డారు. తోపు దాటారు. ఇక ఒక్క ఇసుకదిబ్బే అడ్డం. దాని మొదట్లో నేరేడమ్మ నవ్వుతూ వెనక్కి తిరిగింది.

ఇద్దరే ఉన్నారు.

"బొంతయ్య ఏడీ?"

వస్తూ ఉంటాడన్నాడు బూడిదయ్య. సూదమ్మ గట్టిగా పిలిచింది. బదులు లేదు. హోరు ఒక్కటే. ఎప్పటినుంచి వెనక లేడో ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు.

నేరేడమ్మ పరుగెత్తింది. సలుపుతున్న కాలు గుర్తులేదు. వచ్చిన దారినే ఇసుకలో అడుగులు చూసుకుంటూ పోయింది. చాలా దూరం ముగ్గురి అడుగులే ఉన్నాయి. తోపు నడిమికి వచ్చాక నాలుగోవి కనబడ్డాయి. పెద్దవి. ఈడ్చుకుంటూ వేసినవి.

బొంతయ్య ఒక సరుగుడు మాను పక్కన బోర్లా పడి ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాయి.

నేరేడమ్మ అక్కడే ఆగిపోయింది. వానల్లో ఆ ఏటి ఒడ్డు కళ్ళముందుకొచ్చింది. దగ్గరికి పోవడానికి భయమేసింది. అయినా పోయింది. మూతితో అతని చెవి కదిపింది. పేరు పెట్టి పిలిచింది. మళ్ళీ పిలిచింది.

బొంతయ్య ఒక కన్ను తెరిచాడు.

"చెదపుట్ట తవ్వుతున్నాను," అన్నాడు.

అక్కడ చెదపుట్ట లేదు. ఇసుక, రాలిన సరుగుడాకు, అంతే.

"ఎందుకు పిలవలేదు?" అంది నేరేడమ్మ.

"పిలిస్తే ఆగుతారు." కాస్త ఊపిరి కూడదీసుకున్నాడు. "నువ్వెంత ఆశపడి వచ్చావో నాకు తెలియదా, నేరేడూ? మీరు వెళ్ళి చూసిరండి. వచ్చి ఎలా ఉందో చెప్పండి. నాకదే చాలు."

బూడిదయ్య, సూదమ్మ రొప్పుతూ వచ్చి చేరారు. ఇద్దరూ బొంతయ్యని చూశారు. తరవాత నేరేడమ్మని చూశారు. పొద్దు ఇంకా ఉంది. దిబ్బ అవతలే సముద్రం. ఒక్క పరుగున పోయి చూసి రావచ్చు. బొంతయ్యే చూసి రమ్మన్నాడు కూడా.

నేరేడమ్మ ముందుకాళ్ళు మడిచింది. తరవాత వెనక కాళ్ళు మడిచింది. బొంతయ్యని ఆనుకుని ఇసుకలో కూర్చుంది.

"ఆగుదాం," అంది. "నేను ముసలిదాన్నయ్యాను. ఇంక నా వల్ల కాదు."

ముందు సూదమ్మ కూలబడింది.

"పొద్దున్నించీ ఈ మాట ఎవరంటారా అని చెవులు రిక్కించుకుని ఉన్నానే," అంది. "నా కాల్లో ముల్లు లేదు. మోకాలుంది. అదే నా బాధ."

బూడిదయ్య తల వంచుకుని ఉసిరిచెట్టు సంగతి చెప్పాడు. ఒకసారి కొమ్మ పట్టు తప్పి పడ్డాడట. అప్పటినుంచీ చెట్టు ఎక్కడమంటే గుండె దడట. అందరికీ తెలుసంది సూదమ్మ. తెలిస్తే అడగలేదేమని బూడిదయ్య ఉక్రోషపడ్డాడు.

"అడిగితే నువ్వు మళ్ళీ ఎక్కి చూపిస్తావు. అందుకని," అంది సూదమ్మ.

నేరేడమ్మ తన కాలు చాచింది. కీలు దగ్గర వెలక్కాయంత వాపు. ముగ్గురూ దాన్ని చూశారు. బొంతయ్య మెల్లగా, "అవ్వా," అని పిలిచాడు. అతని పొట్ట కదిలింది. నవ్వుతున్నాడని అర్థమయ్యేసరికి అందరూ నవ్వారు.

తరవాత ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. సూదమ్మ ఇసుక తవ్వి చెలమ తీసింది. తియ్యటి నీళ్ళు ఊరాయి. ముళ్ళ నిండా ఇసుక దూరింది గాని ఆమె విసుక్కోలేదు. బూడిదయ్య గాలికి కొట్టుకొచ్చిన తాటాకు ముక్క దొన్నెలా మడిచి ఆ నీళ్ళు తెచ్చి బొంతయ్య నోట్లో పోశాడు. నేరేడమ్మ గాలి కొట్టే వైపుకి జరిగి అతనికి అడ్డంగా కూర్చుంది. అతని ఊపిరి నెమ్మదిగా కుదుటపడింది. అప్పుడు ఆమె నోరు విప్పింది.

"కొమ్మన్నలాగా ఇంకొకరు చూడకుండా పోతారేమోనని తొందరపెట్టాను. తొందరపెట్టి నిన్నే పోగొట్టుకోబోయాను."

"వాడు ఏటా ఆ మాట అన్నప్పుడల్లా," అన్నాడు బొంతయ్య, "సముద్రం కబుర్లు చెప్పుకుంటూ రోజంతా ఏటి ఒడ్డున కూర్చునేవాళ్ళం. ఐదుగురమూ. మరిచిపోయావా?"

ఆమె మరిచిపోయింది. ఇప్పుడు గుర్తొచ్చింది.

తెల్లవారింది. ఎవరూ ఎవరినీ లేపలేదు. బొంతయ్య తనంతట తాను లేచి నిలబడ్డాక మిగతావాళ్ళు లేచారు. మడ అడవి ఎలా అని బూడిదయ్య అడిగాడు. అది ఎక్కడికీ పోదంది నేరేడమ్మ. ఉప్పుమడుల మాట ఎవరూ ఎత్తలేదు.

బయల్దేరబోతూ బొంతయ్య అలవాటుగా చివరికి వెళ్ళి నిలబడ్డాడు. నేరేడమ్మ వెనక్కి వచ్చి అతని వెనక నిలబడింది.

"నువ్వు ముందు నడు," అంది.

"నాకు దారేం తెలుసు?"

"హోరు వినబడుతోందిగా. అటే పో."

ముందు నడవడం బొంతయ్యకి కొత్త. మొదట్లో మాటిమాటికీ తిరిగి చూశాడు. వెనక ముగ్గురూ ఉన్నారు. నాలుగడుగులు వేసి ఆగాడు. వాళ్ళూ ఆగారు. ఎందుకని ఎవరూ అడగలేదు. బూడిదయ్య ఆ సందులో ఒక కబురు మొదలుపెట్టాడు. బొంతయ్య కదిలితే వాళ్ళూ కదిలారు. మళ్ళీ ఆగితే కబురు మళ్ళీ అందుకున్నారు. నిన్న ఒక్క పరుగున దాటిన ఆ కాస్త దారికి ఇవాళ పొద్దంతా పట్టింది. సూదమ్మ మోకాలికి అది హాయిగా ఉంది. నేరేడమ్మ కాలికి కూడా. నిన్న నడిచిన దారే అయినా, ఇసుకలో ఎర్రటి చిన్న పీతలు ఉన్నాయని వాళ్ళు ఇవాళే చూశారు.

దిబ్బ ఎక్కడం కష్టమైంది. బొంతయ్య ఆగి ఆగి ఎక్కాడు. ముగ్గురూ వెనకనుంచి భుజం పట్టారు. తుదకి శిఖరం మీద అతని కాలు పడింది. అతను అక్కడే నిలబడిపోయాడు. అంత పెద్ద ఒళ్ళు అడ్డం రావడంతో వెనకవాళ్ళకి ఏమీ కనబడలేదు.

"ఏం కనబడుతోందిరా?" అని కిందనుంచి సూదమ్మ అడిగింది.

గాలికి బొంతయ్య బొచ్చంతా వెనక్కి ఒరిగింది. ముగ్గురూ ఎదురు చూశారు. ఎవరూ తొందరపెట్టలేదు, నేరేడమ్మ కూడా.

కాసేపటికి అతను ఒక పక్కకి జరిగాడు.

"రండి," అన్నాడు. "నా పక్కకి రండి. అందరికీ చోటుంది."

నీతి: కలిసి బయల్దేరినవాళ్ళు కలిసి చేరాలంటే, అలసినవాడి అడుగే అందరి అడుగు కావాలి.