మద్దిచెట్టు కింద చీమలు

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలోంచి ఒక ఘాట్ రోడ్డు పోయేది. రోడ్డు మలుపులో పెద్ద మద్దిచెట్టు. దాని మీద వీరమల్లు అనే కొండముచ్చు, అతని పెళ్లాం కాటుకమ్మ తమ మందతో ఉండేవాళ్లు. మందకి వీరమల్లే పెద్ద.

మలుపులో కార్లు ఆగేవి. జనం లడ్డూలు, బిస్కెట్లు విసిరేవాళ్లు. వీరమల్లు మొదట రుచి చూశాడు. తర్వాత చిగుళ్లు తినడమే మానేశాడు. పొద్దస్తమానం రోడ్డు పక్కనే కూర్చునేవాడు. పొట్ట ముందుకొచ్చింది.

"చూశావా, ఎలా బలిశానో! పెద్దంటే ఇలా ఉండాలి," అని మురిసిపోయేవాడు.

కాటుకమ్మకి మాత్రం మనసులో ఏదో గుబులు.

ఒకరోజు చూస్తే వీరమల్లు వాగు దగ్గర నుంచి కదలడం లేదు. ఎంత తాగినా దాహమే అంటున్నాడు. కొన్నాళ్లకి చెట్టు కింద అతను ఒంటేలుకి వెళ్లే చోట చీమలు బారులు తీరాయి. ఆ తర్వాత కాలికి ముల్లు గీరుకుంది. ఇట్టే మానిపోవాల్సిన గాయం, మానలేదు.

"మామా, నాకు భయంగా ఉంది. మందులు తెలిసిన అలుగు తాతకి చూపిద్దాం," అంది కాటుకమ్మ.

"నోర్ముయ్! జబ్బుపడ్డానని తెలిస్తే మంద నా మాట వింటుందా? ఎవరికీ చెప్పనని ఒట్టెయ్!"

పాపం, కాటుకమ్మ ఒట్టేసింది. చెబితే మొగుడికి కోపం. చెప్పకపోతే ఏమవుతుందోనని దిగులు. లేత చిగురు కూడా ఆమె గొంతు దిగేది కాదు.

ఒక ఉదయం వీరమల్లు కొమ్మెక్కబోయి జారాడు. చూస్తే, ముల్లు గీరిన పాదం వాచి చీము పట్టింది.

"నొప్పిగా ఉందా మామా?"

"లేదే. అసలేమీ తెలియట్లేదు."

చీము పట్టిన పాదంలో నొప్పే తెలియకపోవడమా! ఇక ఆమె ఆగలేదు. ఒట్టూ లేదు, గిట్టూ లేదని అలుగు తాత దగ్గరికి పరుగెత్తింది. అలుగంటే తెలుసుగా పిల్లలూ? ఒంటినిండా పెంకులుంటాయి. చీమలే దాని తిండి.

"మీ చెట్టు కింద చీమలు చూసి మొన్ననే వచ్చానమ్మా. మీ ఆయన తరిమేశాడు," అన్నాడు అలుగు తాత. "చీమలొక్కటే చూసి తేల్చకూడదు. కానీ దాహం, మానని పుండు, పెరిగిన పొట్ట... అన్నీ కలిశాయంటే ఒంట్లో తీపి మితిమీరిందేమో చూసుకోవాలి. పద, ఆలస్యం చేయొద్దు."

ఇద్దరినీ చూసి వీరమల్లు మండిపడ్డాడు. "ఒట్టు తప్పావు! నా పరువు తీశావు!"

"నువ్వు లేకపోతే ఆ పరువు నేనేం చేసుకోను మామా?"

 వీరమల్లు మెల్లగా పాదం చాపాడు.

అలుగు తాత పుండు కడిగి పసరు కట్టాడు. రోడ్డు తిండి మానమన్నాడు. ఆకులు, చిగుళ్లు తిని రోజూ చెట్టుచెట్టుకీ తిరగమన్నాడు. నెలలు పట్టింది. పాదం దక్కింది, రెండు వేళ్లు మాత్రం పోయాయి.

"ముందే చూపించి ఉంటే అవీ దక్కేవి," అన్నాడు తాత.

మందలో ఎవరూ నవ్వలేదు. వీరమల్లు పెద్దరికం ఎక్కడికీ పోలేదు.

ఇప్పటికీ మలుపులో కారు ఆగితే అతని చూపు అటే పోతుంది. కాటుకమ్మ ఊపిరి బిగబడుతుంది.

"నాకూ భయమేనే. పద, పైకి పోదాం," అంటాడు వీరమల్లు.

కాటుకమ్మ భయం పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడది ఆమె ఒక్కదానిదే కాదు.

నీతి: ఒంట్లో మార్పు కనిపిస్తే దాచుకోకూడదు. చిన్నగా ఉన్నప్పుడే చూపించుకుంటే పెద్ద ముప్పు తప్పుతుంది.