తూములో కూర్చున్న బర్రె

ఒకప్పుడు బర్రెకి నీళ్ళంటే గిట్టేది కాదు.

నవ్వకండి. నేను చెప్పేది వినండి ముందు. అప్పట్లో బర్రె అంటే మహా శుభ్రం. గడ్డి మీద మంచు కనిపిస్తే పక్కనుంచి చుట్టుతిరిగి పోయేది. దారిలో చిన్న నీటిగుంట ఎదురైతే కాళ్ళు దగ్గరికి పెట్టుకొని అక్కడే ఆగిపోయేది. గిట్టకి బురద అంటిందా, ఆ పూట పాలివ్వడం మానేసేది.

ఆ బర్రెల్లోకెల్లా నాజూకైనది సుక్కి. దాని నుదుటి మీద తెల్లని చుక్క ఉండేది. అది బండమీదపల్లెలో ఓబులమ్మ బర్రె. ఓబులమ్మ దాన్ని రోజూ మెత్తటి గడ్డితో తుడిచేది. నాలుగు చినుకులు పడితే తాను తడుస్తూ, దాని మీద గోనెసంచి కప్పేది. ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే మరి.

బండమీదపల్లె వాళ్ళు మొదట్లో జొన్నలు, కొర్రలు వేసుకొని ఆకాశం వైపు చూస్తూ ఉండేవాళ్ళు. ఏటేటా మబ్బు వచ్చేది. కొండ మీద ఆగి, పోయమంటారా అని అడిగేది. ఊరంతా బయటికొచ్చి, పొయ్యి నాయనా, నీ కోసమే చూస్తున్నాం అనేవాళ్ళు. మబ్బుకి ఆ మాట వింటే కడుపు నిండిపోయేది. పిలిచిన చోట పోయకుండా ఎలా ఉంటుంది?

అయితే ఒక్కో ఏడు మబ్బుకి జలుబు చేసేది. ఒక్కో ఏడు దారి తప్పేది. అలాంటప్పుడు ఇబ్బంది పడుతున్నామని ఊరివాళ్ళంతా కలిసి రెండు కొండల నడుమ పారే వంకకి అడ్డంగా ఆనకట్ట కట్టారు. పందులు మట్టి తవ్వాయి. గాడిదలు మోశాయి. కొంగ ఒంటికాలి మీద నిలబడి, అది వంకర, ఇది వంకర అని చెప్పింది. ఆనకట్ట అడుగున ఒక తూము పెట్టారు. తూముకి కొయ్య బిరడా కొట్టారు. బిరడా లాగితే నీళ్ళు కాలువలోకి పోతాయి. ముందు తూము దగ్గర పొలాలకి, ఆ తర్వాత వాటి కింది పొలాలకి, అలా వంతు ప్రకారం. మొదటి పొలం తిమ్మప్పది. చిట్టచివరిది ఓబులమ్మది.

ఆ ఏడు మబ్బు ఒళ్ళు మరిచి కురిసింది. ఆనకట్ట నిండింది.

ఇక చూడాలి వాళ్ళ సంబరం! జొన్న విత్తనాలు కోళ్ళకి వేసేశారు. కొర్రలు ఎలా ఉంటాయో మరిచిపోయారు. ఊరంతా వరే. రాళ్ళ మీద కూడా వరి నాటాలని చూశారు. ఎవరైనా వానల మాట ఎత్తితే తిమ్మప్ప బొజ్జ నిమురుకొని, "మనకేం భయం? ఆనకట్ట ఉండాది గదా" అనేవాడు.

ఆ మాట అందరికీ తెగ నచ్చింది. ఇంటికప్పు కారుతోందంటే, ఆనకట్ట ఉండాది గదా. పెళ్ళిలో అన్నం చాలదేమోనంటే, ఆనకట్ట ఉండాది గదా. పిల్లవాడికి పళ్ళు రావడం లేదని తల్లి దిగులు పడితే, దానికీ అదే జవాబు. ఆనకట్ట కూడా ఆ మాట వింటూ వింటూ కాస్త ఉబ్బింది.

మరుసటి ఏడు మబ్బు మామూలుగానే వచ్చింది. కొండ మీద ఆగి, పోయమంటారా అంది. ఒక్కరూ తల ఎత్తలేదు. ఆనకట్ట గట్టు మీద తిమ్మప్ప భార్య వడియాలు ఆరబెట్టి ఉంది. తిమ్మప్ప భుజం మీది తువ్వాలు తీసి, కాకిని తోలినట్టు మబ్బుని తోలాడు.

"ఇప్పుడొద్దు, పో అబ్బా. వడియాలు తడుస్తాయి. మాకు ఆనకట్ట ఉండాది గదా."

మబ్బు ముఖం ఇంత చేసుకుంది. వెనక్కి తిరిగి, సముద్రం మీదికి పోయి కూర్చుంది. అక్కడే బొట్లు బొట్లుగా సముద్రంలోకి కురిసింది. సముద్రం దాన్ని పట్టించుకోనేలేదు. దాంతో మబ్బుకి అలక ఇంకా పెరిగింది.

ఇక్కడేమో వడియాలు బాగా ఎండాయి. వాటి వెంటే పొలాలూ ఎండడం మొదలుపెట్టాయి.

ఆనకట్టలో నీళ్ళు రోజురోజుకీ దిగిపోతున్నాయి. చేపలు ఒకదాని మీద ఒకటి పడుకోవలసి వచ్చింది. ఊరివాళ్ళు గట్టెక్కి, నిన్నే నమ్ముకున్నాం, ఏమిటిదని ఆనకట్టని నిలదీశారు. పాపం, ఆనకట్ట ఉబ్బంతా దిగిపోయి ఉంది.

"నేను దాచిపెట్టేదాన్నే నాయనా, పుట్టించేదాన్ని కాదు. పైనుంచి ఇస్తే పట్టుకుంటా. ఇయ్యకపోతే నేనూ మీ మాదిరే నోరు తెరుచుకొని చూస్తా" అంది.

ఈ మాట ముందే చెప్పి ఉండొచ్చు కదా అని మీరడగొచ్చు. ముందు దాన్ని అడిగిందెవరు?

ఉన్న కాసిని నీళ్ళ కోసం తూము దగ్గర గొడవ మొదలైంది. పై పొలాల వాళ్ళు ఇంకాసేపు తెరవాలని బిరడా లాగారు. కింది పొలాల వాళ్ళు మీ వంతు అయిపోయింది, మూయాలని నొక్కారు. వీళ్ళు లాగడం, వాళ్ళు నొక్కడం. బిరడా ఎంతకని ఓర్చుకుంటుంది? ఫట్‌మని రెండు ముక్కలైంది. నీళ్ళు ఒక్కసారిగా దూకి, కాలువ గట్టు తెంపుకొని, ఎవరి పొలానికీ కాకుండా వంకలో పడి పోసాగాయి.

అందరూ లబోదిబోమన్నారు. తూములో గడ్డిమోపు కుక్కారు, కొట్టుకుపోయింది. నులకమంచం అడ్డం పెట్టారు, అదీ పోయింది. చివరికి తిమ్మప్ప తన బొజ్జ మీద నమ్మకంతో తానే తూములో దూరాడు. ఇటు దూరినవాడు అటు కాలువలో తేలాడు. పంచె మాత్రం తూములోనే ఉండిపోయింది.

ఓబులమ్మ ఇదంతా చూసి ఇంటికొచ్చింది. ఆమె వరి పొట్ట మీద ఉంది, నేడో రేపో కంకి బయటికి రావాలి. ఇప్పుడొక తడి అందకపోతే కంకి కంకంతా గింజ లేని తాలే. ఆమె సుక్కి మెడ మీద తల ఆనించి ఏడ్చింది.

"పంట పోతే నీకు గడ్డి యాడ తెచ్చేదే సుక్కీ? నిన్ను సంతకి తోలాల్నేమో తల్లీ" అంది.

సుక్కి నెమరు వేయడం ఆపేసింది. దానికి సంతంటే భయం. అంతకన్నా, ఓబులమ్మ ఏడుస్తుంటే చూసి తట్టుకోలేకపోయింది. కట్టుకొయ్య ఊడబెరుక్కొని, నేరుగా ఆనకట్ట మీదికి నడిచింది. గట్టు మీద నిలబడి కింద నీళ్ళకేసి చూసింది. ఒక కాలు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"అందరూ అటు తిరగండి. ఎవరూ చూడొద్దు" అంది.

అందరూ అటు తిరిగారు. కొంగ మాత్రం ఓరకంట చూసింది. సుక్కి కళ్ళు గట్టిగా మూసుకొని, ఒక్కొక్క కాలే నీళ్ళలో పెడుతూ, అమ్మో అమ్మో అనుకుంటూ తూము దాకా దిగి, వెనక్కి తిరిగి చతికిలబడింది. దాని వెనకభాగం, తూము కొలతా సరిగ్గా ఒకటే. చప్‌మని అతుక్కుంది. నీళ్ళు ఆగిపోయాయి.

ఊరంతా చప్పట్లు కొట్టింది. తిమ్మప్ప కూడా కొట్టబోయాడు గానీ, పంచె లేని సంగతి గుర్తొచ్చి చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

తెగిన కాలువ గట్టు పూడ్చారు. ఆ తర్వాత సుక్కి కాస్త పక్కకి జరిగితే సన్నగా నీళ్ళు పోయేవి. ఒక పొలం తడిసిందనగానే మళ్ళీ సర్దుకొని కూర్చునేది. అలా వంతు ప్రకారం ఒక్కో పొలానికి ఒక్కో తడి. తిమ్మప్ప చిట్టూ తవుడూ కలిపి తెచ్చి, ఇంకాస్త జరగమని బతిమాలాడు. సుక్కి తవుడు తినేసింది. జరగలేదు.

కానీ నీళ్ళు తరిగిపోతూనే ఉన్నాయి. మెడదాకా ఉన్నవి పొట్టదాకా దిగాయి. ఇంకా ఓబులమ్మ వంతు రాలేదు. సుక్కి ఆత్రం పట్టలేక, అమ్మా, ఈసారికి ముందు నీకే వదులుతానంది. ఓబులమ్మ ఒప్పుకోలేదు.

"వంతు తప్పితే రేపు నువ్వుండావని గూడా చూడరు, తూము కాడ తలలు పగలగొట్టుకుంటారు. నా వంతు వస్తే వస్తాది" అని గట్టు మీద కూర్చుంది.

ఓబులమ్మకి ముందున్న పొలం తడిసేసరికి ఆనకట్టలో మిగిలింది బురద. అందులో సుక్కి కూరుకుపోయింది. వీపు, ముఖం, కొమ్ములు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. ఓబులమ్మ పొలానికి చుక్క లేదు.

అప్పుడు కొంగకి గుండె చెరువైంది. ఊరికే ఒంటికాలి మీద నిలబడి వంకర్లు పట్టడం తప్ప ఈ ఊరికి నేనేం చేశాను అనుకొని, సముద్రం వైపు ఎగిరింది. మబ్బుని కలిసి, మా ఊరివాళ్ళు చేసింది తప్పే, ఒక్కసారి రమ్మని వేడుకుంది.

మబ్బు మూతి తిప్పుకుంది. "నేను రాను. ఆ ఊళ్ళో నా వైపు తల ఎత్తి చూసేవాళ్ళు ఒక్కరున్నారా?"

"ఒకరున్నారు" అంది కొంగ. "మా సుక్కి. నమ్మకపోతే వచ్చి చూసుకో."

చూసి వెనక్కొచ్చేస్తానని చెప్పి మరీ మబ్బు బయలుదేరింది. కొండ చాటునుంచి తొంగి చూసింది. కింద బురదలో ఒక బర్రె. చెవులు వాలిపోయాయి. కళ్ళు పెద్దవి చేసుకొని, ముక్కు ఆకాశానికి పెట్టి, రెప్ప వేయకుండా అటే చూస్తోంది.

నిజం చెప్పాలంటే, సుక్కి ముక్కు దించితే బురద లోపలికి పోతుంది. అందుకని పైకి పెట్టుకుంది, అంతే. ఈ సంగతి మీరు మబ్బుకి చెప్పకండి.

మబ్బు కొండ మీంచి ఇంకాస్త ముందుకి వంగింది. "ఎన్నాళ్ళుగా చూస్తోందో పాపం, నా కోసం" అంది. ముందొక బొట్టు రాలింది. అది సరిగ్గా సుక్కి నుదుటి చుక్క మీద పడింది. ఆ తర్వాత మబ్బు ఏడుపు ఆపుకోలేకపోయింది.

అది ఏడ్చిన ఏడుపుకి కొండల మీదినుంచి నీళ్ళు గంతులేస్తూ దిగాయి. ఆనకట్ట మెల్లగా సుక్కి మెడదాకా నిండింది. సుక్కి కదలకుండా తూముకి అడ్డంగా కూర్చునే ఉంది. అది లేస్తే వచ్చిన నీళ్ళన్నీ వచ్చినట్టే పోతాయి. వాన వెలిశాక కాస్తంత పక్కకి జరిగింది. నీళ్ళు కాలువ పట్టుకొని, అన్ని పొలాలూ దాటుకొని, చిట్టచివర ఓబులమ్మ పొలంలోకి చేరాయి. ఓబులమ్మ మడిలోనే నిలబడి ఏడ్చి నవ్వింది. ఆ ఏడు ఆమె కంకుల్లో తాలు గింజ వెతికినా దొరకలేదు.

తిమ్మప్ప కొత్త పంచె కట్టుకొని, కొత్త బిరడా చెక్కించి పట్టుకొచ్చాడు. ఇంక చాలు సుక్కీ, లెయ్యమన్నారు అందరూ. సుక్కికి కూడా లేవాలనే ఉంది. ఒళ్ళంతా నానిపోయింది. ముందు రెండు కాళ్ళూ ఊనింది.

అంతలో తిమ్మప్ప బొజ్జ నిమురుకున్నాడు.

"ఇంక మనకేం భయం? కొత్త బిరడా ఉండాది గదా."

సుక్కి అతనికేసి చూసింది. ఆకాశంకేసి చూసింది. ఊనిన కాళ్ళు మళ్ళీ మడుచుకొని, ఇంకాస్త గట్టిగా కూర్చుంది.

అప్పటినుంచే బర్రె నీళ్ళు కనిపిస్తే చాలు, దిగి కూర్చుంటుంది. అడుగున ఎక్కడో ఒక తూము ఉండే ఉంటుందని, మనుషులు దాన్ని మరిచిపోయే ఉంటారని దాని అనుమానం. కూర్చుని ముక్కు ఆకాశానికి పెడుతుంది. మబ్బు మళ్ళీ అలిగిందేమో చూసి రావడానికి కొంగ దాని వీపు మీదే సిద్ధంగా ఉంటుంది. మీరు గట్టు మీద నిలబడి హేయ్ హేయ్ అని ఎంత అరిచినా బర్రె లేవదు. దాన్ని తిట్టకండి. మీరు ఆకాశం వైపు చూడడం మొదలుపెట్టారని నమ్మకం కుదిరిన రోజు, అదే లేచి ఇంటికొస్తుంది.