నూకమ్మ చూసిన వీపు

అనగనగా, సముద్రం హోరు వినపడే ఒక ఊళ్ళో నూకమ్మ అనే ముసలమ్మ ఉండేదమ్మా. చినిగిన వలలు బాగుచేయడం ఆమె పని. మనవరాలు పైడికి ఆరేళ్ళు. ఎప్పుడూ అమ్మమ్మ ఒళ్ళోనే.

ఒకరోజు తెల్లారగట్ల, మంచులో, ఒడ్డున ఆరేసిన కొత్త వలని ఎవరో భుజాన వేసుకుని పోయారు. నూకమ్మ గుమ్మంలోంచి చూసింది. పైడి ఒళ్ళో నిద్రపోతోంది.

అప్పుడు ఊరిపెద్ద అప్పన్న వచ్చి, వల ఎవరు తీశారని అడిగాడు. "ఎవరో మగాడు బాబూ. వీపే కనబడింది," అంది నూకమ్మ.

ఆ తర్వాత పక్కింటి కోడలు అడిగింది. "పడవ పనికెళ్ళే మన దానయ్యలా కుంటుతూ వెళ్ళాడా అత్తా?" "ఆఁ, కుంటినట్టే ఉంది," అంది నూకమ్మ.

ఆ తర్వాత ఊరంతా కూడి అడిగింది. "దానయ్యే. ఇటు తిరిగి చూశాడు కూడా," అంది నూకమ్మ. అబద్ధం కాదు తల్లీ. చెప్పినకొద్దీ ఆమెకి మంచు విడిపోయి, ఆ మొహం కనబడుతోంది.

"అత్తా, నేనేనా?" అన్నాడు దానయ్య. అంతే అన్నాడు. దొంగ అని తేలితే ఇక ఏ పడవా ఎక్కించుకోదు. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

"ఇంకెవరన్నా చూశారా?" అన్నాడు అప్పన్న.

అమ్మమ్మ ఒళ్ళోంచి పైడి లేచింది. "నేను చూశాను తాతా. దానయ్య మావ కుంటుకుంటా వెళ్ళి, ఇటు తిరిగి చూశాడు."

"పసిపిల్లకి అబద్ధమెందుకు?" అన్నారందరూ.

నూకమ్మ దాన్ని తన వైపు తిప్పుకుంది. "నువ్వు నిద్రలో ఉన్నావు కదే?"

"లేదమ్మమ్మా, చూశాను."

ఆ కళ్ళలోకి చూసింది నూకమ్మ. అబద్ధం లేదు. ఏమీ చూడని పిల్లకే ఆ మొహం కనబడుతుంటే, మరి తనకి కనబడేదో? వెనక్కి వెతుక్కుంది. తిరిగి చూడడం ఇవాళే చేరింది. కుంటడం పక్కింటి కోడలు అడిగాక చేరింది. అవి తీసేస్తే మిగిలింది ఒక వీపు.

"బాబూ, దీని కంట్లో ఆ మొహం పెట్టింది నేనే. నేను చూసింది వీపే. ఎవరిదో తెలీదు," అంది.

"ముసల్దానికి మతి పోయింది," అని ఎవరో నవ్వారు.

"పోయిన చోట నేనే అల్లేశాను నాయనా, వల అల్లినట్టు."

మర్నాడు దానయ్య పడవెక్కాడు. వల ఎవరు తీశారో ఎప్పటికీ తేలలేదు. నూకమ్మకి మాత్రం మంచులోంచి దానయ్య ఇటు తిరిగి చూస్తూనే ఉండేవాడు, ఆమె బతికినన్నాళ్ళూ. చూసినప్పుడల్లా, "వీపే, వీపే," అని తనకి తనే చెప్పుకునేది.

వల ఒడ్డుకి, పడవ నీళ్ళకి,
కథ కంచికి, మనం నిద్దరకి.