నక్క కలిపించిన జొన్న సలాడ్

నూర్పిళ్లయిపోయిన కళ్లంలో కోడిపెట్ట కాంతమ్మ గింజలేరుకుంటోంది. అంతలో నక్క నాగులు ఓ పెద్ద గంగాళం ఈడ్చుకుంటూ వచ్చాడు. దాన్నిండా ఉడకేసిన జొన్నలు, మొలకెత్తిన పెసలు, క్యారెట్టు, కీరా, ఉల్లిపాయ ముక్కలు. ఎవరి పెరట్లో కొట్టుకొచ్చాడో వాడికే తెలియాలి.

"కాంతమ్మక్కా! మాంసం మానేశాను. పాలు, పెరుగు, తేనె కూడా ముట్టను. నీ గుడ్ల వంకైనా చూడను, ఒట్టు!"

"ఎప్పట్నుంచి నాగులూ?"

"పొద్దుట్నుంచి. ఇదిగో, సలాడ్ చేసుకుంటున్నా. కలపడమే చేతకావట్లేదు. గింజలు కెలకడంలో ఈ చుట్టుపక్కల నీ అంతటివాళ్లు ఎవరున్నారక్కా?"

మన కాంతమ్మకి పొగడ్తంటే ప్రాణం. ఎగిరి గంగాళంలో దూకింది. కాలు విసిరితే చాలు, అడుగు జొన్నలు పైకి, పైన క్యారెట్టు అడుక్కి! నాగులు నిమ్మకాయ పిండాడు.

"అయ్యో, నా వీపు మీద పడుతోందయ్యా!"

"జారి సలాడ్‌లోకే పోతుందిలే అక్కా."

ఉప్పు చల్లాడు. మిరియాలపొడి చల్లాడు. నువ్వులనూనె గిన్నెడు ఒంపాడు.

"ఏదీ, కాస్త రెక్కలెత్తు."

"రెక్కల కిందెందుకూ?"

"ఉప్పు మూలమూలకీ పట్టొద్దూ? ఇక కదలకుండా ఓ అరగంట ఊరు."

సలాడ్ ఊరాలంటే సరే, నన్ను ఊరమంటాడేమిటి? తలెత్తి చూస్తే నాగులు నోట చొంగ కారుతోంది. కాంతమ్మకి అసలు సంగతి అప్పుడు తెలిసొచ్చింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఎంత మొద్దునమ్మా నేను! ఎగురుదామంటే రెక్కలు నూనెలో ముద్దయిపోయాయి. మిగిలింది నోరొక్కటే.

"ఓ ఎర్రన్న బావా! గంగమ్మొదినా! పరిగెత్తుకు రండి! మన నాగులు మాంసం మానేశాడు! ఇవాళే తొలిముద్ద, మీ చేతుల మీదుగా తింటాడట!"

గడ్డివాము పక్కనుంచి ఎద్దు ఎర్రన్న, గేదె గంగమ్మ దడదడా వచ్చేశారు.

"నిజమేనటయ్యా?" కొమ్ములు ముందుకు వంచి అడిగాడు ఎర్రన్న.

నాగులు ఆ కొమ్ముల వంక చూశాడు. "ని... నిజమే బావా."

"ఎంత మంచి కబురు! కూర్చో మరి!"

కాంతమ్మ ఒక్క గెంతున ఎర్రన్న కాళ్ల చాటుకి చేరింది. గంగమ్మ మొదటి ముద్ద పెట్టింది. జొన్నలు నమల్లేక నాగులు కళ్లు తేలేశాడు.

"చాలొదినా."

"ఒక్క వడ్డనతో ఎవరైనా లేస్తారటయ్యా? మారు వేసుకో."

"నా ముద్ద తినకపోతే మనసు కష్టపెట్టుకుంటా," అన్నాడు ఎర్రన్న.

"ఆ మూల ఇంకా ఉంది బావా! అన్నం పరబ్రహ్మం, పారెయ్యకూడదు," అంది కాంతమ్మ వెనకనుంచి.

గంగాళం ఖాళీ అయ్యేసరికి నాగులు పొట్ట డోలై కూర్చుంది. లేవబోయి వెల్లకిలా పడ్డాడు.

"ఎలా ఉందయ్యా?" కాంతమ్మ రెక్కలు దులుపుకుంటూ అడిగింది.

"ఉప్పు... సరిపోయిందక్కా."

"నచ్చిందన్నమాట!" ఎర్రన్న మురిసిపోయాడు. "నీ నిష్ఠ చెడకూడదు నాగులూ. రోజూ ఇదే వేళకి వచ్చి మేమే తినిపిస్తాం!"

నీతి: తిండి మార్చుకున్నానన్నవాణ్ణి నమ్మేముందు, వాడు ఉప్పు ఎవరి మీద చల్లుతున్నాడో చూసుకో.