రాజుగారి చెయ్యి నాకిన జింకలు

వీరగిరి రాజుగారు రోజూ కత్తిసాము కాగానే తన జింకల వనానికి వెళ్లి చెయ్యి చాపేవారు. జింకలు ఎగబడి నాకేవి. "నేనంటే ఎంత ప్రాణమో చూశారా" అని మురిసిపోయేవారు.

వాటికి మేత వేసే సుంకులమ్మకు మాత్రం దిగులు. అవి గోడలు కూడా నాకుతున్నాయి. ఉప్పుగడ్డలు ఇప్పించమని రాజుగారినే అడిగింది.

"అడవిలో వాటికి ఉప్పు ఎవరు పెడుతున్నారు?" అన్నారాయన.

"అడవిలో అయితే చౌడు నేల వెతుక్కుని నాకుతాయి ప్రభూ. ఇక్కడ చుట్టూ గోడే కదా."

రాజుగారు వినిపించుకోలేదు.

"పోనీ, రేపు స్నానం చేసి రండి. మీరంటే ప్రాణం కదా, ఎప్పుడొచ్చినా నాకుతాయి" అంది సుంకులమ్మ.

మర్నాడు రాజుగారు స్నానం చేసి, గంధం పూసుకుని పల్లకిలో వచ్చారు. జింకలు ఆయన చెయ్యి వాసన చూసి పక్కకు తప్పుకున్నాయి. వెనక చెమటలు కక్కుతున్న బోయీల చేతులు నాకసాగాయి.

రాజుగారికి సంగతి అర్థమైంది. ఆ సాయంత్రమే ఉప్పుగడ్డలు వచ్చాయి.

తర్వాత ఆయన ఎలా వచ్చి చెయ్యి చాపినా ఒక్క జింకా కదల్లేదు. రాజుగారు చిన్నబోయారు.

సుంకులమ్మ పీట వేసింది. "కాసేపు కూర్చోండి ప్రభూ. ఇకనుంచి ఏది దగ్గరికొచ్చినా మీకోసమే వస్తుంది."